ఉచ్చుకో పాయింటు

ముద్దిగుట్టపల్లె, కుప్పం దగ్గర
జూన్ నెల

ఒరే షకీలూ, సలాం.

నా చేతిరాత చూసి నిఖత్ భాభీ నవ్వుతుందని తెలుసు. ఏం చేయను, మా లాడ్జి ఉన్న చోట టవర్ లేదు. ఫోన్ చేయాలంటే కుప్పం పోవాలి. మదనపల్లె మార్కెట్టు నుంచి లాడ్జికి కూరగాయలు తెచ్చే వ్యాను వారానికోసారి మీ పుంగనూరు మీదుగానే వస్తుంది. డ్రైవరు బాలాజీ మీ అంగడి ముందే టీ తాగుతాడట. ఇకమీదట వాడే మన పోస్టుమాన్.

ఇక్కడ ఒక విశేషం ఉంది. లాడ్జి చూసుకునే స్వర్ణలత మేడం అడవి అంచున ఉన్న ఐదు ఊర్లకు ఫుట్‌బాల్ లీగు పెట్టింది. మా ఊరి జట్టుకు నేను కోచ్‌ని. ఇన్నేళ్ళుగా జీపులో టూరిస్టులను తిప్పుతూ "అదిగో దుప్పి, ఇదిగో నెమలి" అని చూపించిన చేతికి ఇప్పుడు విజిల్ వచ్చింది. నవ్వొద్దు.

మ్యాచ్ గెలిస్తే మూడు పాయింట్లు. అది కాక ఇంకో లెక్క. మా అడవిలో పందులకు, కుందేళ్ళకు తీగ ఉచ్చులు పెడతారు. వాటిలో దుప్పులు పడతాయి, చిరుతలు పడతాయి. అలాంటి ఉచ్చు ఒకటి తీసి తెచ్చి అప్పగిస్తే ఆ ఊరికి ఒక పాయింటు. ఆటను చూపించి అడవిని కాపాడాలని మేడం ఆలోచన. నాకు నచ్చింది. లీగు గెలిచిన ఊరిని మదనపల్లె తీసుకుపోయి కాలేజీ గ్రౌండులో టౌను జట్టుతో ఆడిస్తారట. మన గ్రౌండే రా. నువ్వు గోల్‌లో నిలబడితే నేను బెంచీ మీద కూర్చుని మీ చెప్పులకు కాపలా కాసిన గ్రౌండు. మూడేళ్ళు కాలేజీలో ఉండి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా బయటికొచ్చినవాడిని నేనొక్కడినే అనుకుంటాను.

జట్టులో ఆడపిల్లలు కూడా ఉండాలని రూలు. మా గోల్‌కీపరు వర్షిత, తొమ్మిదో తరగతి. ఆవులు మేపే కొండప్ప మనవరాలు. బంతి మీదికి భయం లేకుండా దూకుతుంది కానీ ఎప్పుడు దూకాలో తెలియదు. దానికి నాలుగు మాటలు రాసి పంపు.

ఇంకో పని. గోలుపోస్టుకు నెట్టు తాడుతో కడితే ఎండకు తెగిపోతోంది. మీ అంగడిలో స్కూటర్లకు, బైకులకు ఊడదీసిన పాత క్లచ్ కేబుళ్ళు ఉంటాయి కదా. బాలాజీ చేతికి కొన్ని ఇవ్వు.

నీ మహేష్


పుంగనూరు
జూన్ నెల

మహేశా,

చెప్పులకు కాపలా కాసినవాడు కోచ్ అయినాడని మా నాయన అబ్దుల్ సత్తార్‌కు చెప్పాను. వినపడిందో లేదో అని గట్టిగా చెబితే, "వానికి అప్పుడే చెప్పినా, పరిగెత్తేది తగ్గించి బంతి పక్క సూడమని" అన్నాడు. ఎనభై దాటినా నీ ఆట మరిచిపోలేదు.

కేబుళ్ళు ఒక చుట్ట పంపుతున్నాను. కొసలకు టంకం అద్ది ఉంటుంది, చూసుకో. మా అంగడిలో పాత కేబుల్ ఊడదీస్తే కొస అట్లా అద్దనిదే పక్కన పెట్టం. లేకపోతే తీగ పోగులు విడిపోయి చేతిలో గుచ్చుకుంటాయి. నా చిన్నప్పుడు ఒక పోగు నాయన వేలిలో విరిగి లోపలే ఉండిపోయింది. అప్పటి నుంచి ఈ అలవాటు. పారేసే తీగకు ఇంత సేవా అని బజారులో మెకానిక్కులు ఎగతాళి చేస్తారు.

వర్షితకు చెప్పు: చెయ్యి తర్వాత, ముందు కాలు కదలాలి. బంతి తన్నేవాడి ముఖం చూడొద్దు, మోకాలు చూడాలి. నా పాత గ్లవ్సులు కూడా పెడుతున్నాను. అరచేతిలో కొంచెం చీలితే మా పాప అల్ఫియా కుట్టింది. "అబ్బా, నన్ను ఎప్పుడూ ఆడించలేదే, ఆ పిల్లకు యాల గ్లవ్సులు?" అని రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. తనకిప్పుడు పన్నెండేళ్ళు. నేను టీకి పోయాను.

షకీల్


ముద్దిగుట్టపల్లె
ఆగస్టు నెల

ఒరే షకీలూ,

గ్లవ్సులు వర్షితకు రెండు వేళ్ళు పెద్దవి. అయినా రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటుందని వాళ్ళ అవ్వ బయ్యమ్మ చెప్పింది. "పుస్తకం అట్ల పెట్టుకోనుంటే ఫస్టు వచ్చుండును గదప్పా" అంది. మోకాలు చూడమన్న మాట పని చేసింది. పోయిన మ్యాచ్‌లో రెండు పెనాల్టీలు ఆపింది.

అయినా మేము నాలుగో స్థానంలో ఉన్నాం. గట్టుమీదిపల్లె వాళ్ళు ఆటలో మా కంటే అన్యాయం, కానీ వారం వారం ఉచ్చులు తెస్తున్నారు. మా వైపు అడవిలో ఉచ్చులు లేవు. కొండప్ప కాలంలో ఉండేవి. అతను ఒకప్పుడు పందులకు పెట్టేవాడు. కేసయి, జరిమానా కట్టి, మానేశాడు. అతనితోపాటు మిగతావాళ్ళూ మానేశారు. మంచి ఊరికి పాయింట్లు లేవు, చెడ్డ ఊరికి ఉన్నాయి. మేడంతో ఈ మాట చెబితే, "అయితే మీకు గోల్స్ ఎక్కువ కొట్టే అవకాశం ఉంది" అని నవ్వింది.

మధ్యలో ఒక ఊరివాళ్ళు ఇంట్లో బట్టలారేసుకునే తీగ వంచి తెచ్చి ఉచ్చు అని ఇచ్చారు. దొరికిపోయారు. అప్పటి నుంచి కొత్త రూలు. ఉచ్చు ఉన్న చోటే ఉంచి, లాడ్జి మనిషిని పిలిచి ఫోటో తీయించి, ఆ తర్వాతే తీయాలి. అన్నీ లాడ్జి భోజనాల హాలులో గోడకు వేలాడదీస్తున్నారు, టూరిస్టులు చూసేందుకు.

కేబుళ్ళు ఇంకొన్ని కావాలి. రెండో పోస్టుకు కూడా నెట్టు కట్టాలి. ఈసారి కొంచెం ఎక్కువ పంపు.

మహేష్


పుంగనూరు
ఆగస్టు నెల

మహేశా,

మొదట పంపిన చుట్టతోనే నాలుగు పోస్టులకు కట్టవచ్చు. నెట్టులో ఏనుగును కట్టేస్తావా ఏంది? సరే, అంగడిలో చోటు ఖాళీ అవుతుంది, ఉన్నవన్నీ గోనెసంచిలో వేసి పంపుతున్నాను. బాలాజీ "ఇనుపసామాన్ల వాడికి ఇస్తే టీ ఖర్చు వచ్చేది కదన్నా" అన్నాడు. ఫుట్‌బాల్ కోసం అని చెప్పాను.

వర్షిత పెనాల్టీ ఆపిన సంగతి అల్ఫియాకు చదివి వినిపించాను. ఇప్పుడు మా సందులో గోడకేసి బంతి కొడుతోంది. నిఖత్ నన్ను తిడుతోంది.

షకీల్


ముద్దిగుట్టపల్లె
సెప్టెంబరు నెల

ఒరే షకీలూ,

ఫైనలుకు వచ్చేశాం! గట్టుమీదిపల్లెను దాటేశాం. మా కెప్టెన్ హరినాథ్ ఆఖరి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. మిగతా పాయింట్లు కూడా కలిసొచ్చాయి. మేడం మీటింగులో మా ఊరి పేరు చెప్పి, "అడవిని కాపాడడంలో వీళ్ళను చూసి నేర్చుకోవాలి" అంది. మా ఊరివాళ్ళు ఈలలు వేశారు. కొండప్ప కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, మనవరాలి పేరు మైకులో రాగానే అటుపక్కకి తిరిగి నిలబడ్డాడు.

అక్టోబరు మొదటి ఆదివారం ఫైనలు. నువ్వే ముఖ్య అతిథివి. మేడంకు నీ గురించి చెప్పాను, మదనపల్లెలో అంతటి గోల్‌కీపరు మళ్ళీ రాలేదని. అబద్ధమేం కాదు. అల్ఫియాను తీసుకురా. బాలాజీ వ్యానులోనే రావచ్చు.

మహేష్


పుంగనూరు
అక్టోబరు నెల

మహేష్,

క్షేమంగా చేరాం. మేడంకు మా కృతజ్ఞతలు చెప్పు. దండ వేసి, శాలువా కప్పి, అంతమంది ముందు మాట్లాడమంటే నోరు పెగల్లేదు. నాయన శాలువా చూసి సంతోషపడ్డాడు. వర్షిత ఆఖరి నిమిషంలో ఆపి మీకు కప్పు తెచ్చిపెట్టిన బంతి నేను కూడా ఆపలేకపోయేవాణ్ణి. ఆ మాట దానికి చెప్పు.

భోజనం బాగుంది. హాలు బాగుంది.

ఒక సంగతి. గోలుపోస్టు దగ్గర నిలబడి ఫోటో దిగినప్పుడు చూశాను. నెట్టు నైలాన్ తాడుతో కట్టి ఉంది, రెండు పక్కలా. కేబుళ్ళు ఎక్కడ వాడినట్టు?

షకీల్


ముద్దిగుట్టపల్లె
అక్టోబరు నెల

షకీల్,

నీ ఉత్తరం ఆలస్యంగా చదివాను. కేబుళ్ళు తుప్పు పట్టి నెట్టును కోస్తున్నాయని తర్వాత తాడు కట్టాం. మిగిలినవి ఊర్లో కంచెలకు, దొడ్లకు తలా ఒకటి తీసుకుపోయారు. దాని గురించి ఆలోచించొద్దు.

ఇక్కడ కొంచెం హడావుడిగా ఉంది. లాడ్జి వెనక సీతాఫలం చెట్ల కింద ఒక ఎలుగుబంటి ఉచ్చులో పడింది. పాత ఉచ్చు అయివుంటుంది. డాక్టర్లు వచ్చి మత్తుమందు ఇచ్చి తీసుకుపోయారు. బతుకుతుందనే అంటున్నారు. మదనపల్లె మ్యాచ్ మాత్రం ఆగలేదు, వచ్చే నెల రెండో శనివారం. నువ్వు పుంగనూరు నుంచి రావడానికి ఎంత సేపు, తప్పకుండా రా.

మహేష్


పుంగనూరు
అక్టోబరు నెల

మహేష్‌కు,

నువ్వు రాయనిది బాలాజీ చెప్పాడు. ఎలుగు పడిన ఉచ్చు పెట్టాడని ఫారెస్టు వాళ్ళు కొండప్పను తీసుకుపోయి, కోర్టులో పెట్టి, రిమాండుకు పంపారట. బయ్యమ్మ జీపు వెనక మెయిన్ రోడ్డు దాకా నడిచిందట. ఇది నీ ఊర్లో, నీ గోల్‌కీపరు ఇంట్లో జరిగింది. నువ్వు "కొంచెం హడావుడి" అని రాశావు.

నేను కూడా ఒక సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఫైనలు రోజు మమ్మల్ని భోజనానికి ఆ హాలులో గోడ కింద కూర్చోబెట్టావు. తలమీద ఉచ్చులు వేలాడుతున్నాయి, ఒక్కోదానికి ఊరి పేరు రాసిన చీటీ. నేను శాలువా జారకుండా చూసుకుంటున్నాను. అల్ఫియా పైకి చూసి, "అబ్బా, ఈటికి టంకం ఉండాది. ఇవి మన అంగడి కేబుళ్ళు గదా?" అంది.

నేను చూశాను. చీటీల మీద మీ ఊరి పేరే ఉంది. ఒకటి కాదు, ఆ వరుస అంతా మాదే. నాయన పట్టించిన అలవాటు. ఈ జిల్లాలో పారేసే తీగకు టంకం అద్దే పిచ్చివాళ్ళు మేమే.

పక్కనే మేడం కూర్చుని ఉంది. అల్ఫియా మళ్ళీ నోరు తెరవబోతే, "నోరు మూసుకోని తిను" అన్నాను. ఆ పిల్ల అన్నం ముందు తల వంచుకుంది. నేను తిన్నాను. రెండోసారి పెట్టించుకుని తిన్నాను. మేడం "మీ స్నేహితుడు ఈ అడవికి ఎంత చేశాడో చూశారా" అంటే అవునని తల ఊపాను. ఎందుకు ఊపానో ఎంత ఆలోచించినా ఒకటే తెలుస్తుంది. అప్పటికి నా మెడలో దండ ఇంకా ఉంది.

అప్పుడే నిన్ను పక్కకు పిలిచి అడిగివుంటే మిగిలిన ఉచ్చులు అడవిలో నుంచి తీసేవాళ్ళేమో. నేను నెట్టు తాడు గురించి రాసి, గడుసుగా అడిగానని అనుకున్నాను.

ఆ ఎలుగు కాలికి ఉన్న తీగకు కొస ఎట్లా ఉందో నాకు రాయి. అబద్ధం రాయొద్దు.

షకీల్


మదనపల్లె, బస్టాండు దగ్గర
నవంబరు నెల, మ్యాచ్ రోజు సాయంత్రం

షకీల్,

పిల్లలు బయట ఆమ్లెట్లు తింటున్నారు. నేను వెయిటింగ్ హాలు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి మీ ఇంటికి గంట ప్రయాణం కూడా లేదు. అయినా రాలేను. బాలాజీ సాయంత్రం మార్కెట్టు నుంచి బయలుదేరుతాడు, వాడికి ఇస్తాను.

కొసకు టంకం ఉంది.

మొదట నువ్వు పంపిన చుట్టలో సగం నిజంగానే నెట్టుకు వాడాం. మిగిలింది హరినాథ్ వాళ్ళు తీసుకుపోయారు. ఒకరోజు పొద్దున జీపులో పోతుంటే వాగు పక్కన వాళ్ళు కూర్చుని కేబుల్ వంచుతూ కనిపించారు. "ఏం చేస్తాండారు?" అన్నాను. హరినాథ్ లేచి, "గట్టుమీదోళ్ళు చేస్తాండేది ఇదేన్నా. పెట్టేది, ఫోటో తీయించేది, తీసేసేది. యా జంతువుకీ ఏం కాదు. పొద్దున పెట్టి సాయంత్రం తీస్తాం" అన్నాడు. మ్యాచ్‌లో చెమటలు కక్కి తెచ్చిన మూడు పాయింట్లు ఒకవైపు, ఈ పని ఒకవైపు. వద్దని చెప్పాల్సిన చోట నేను, "కొస కనపడకుండా ఆకులు కప్పండి, లేకుంటే కొత్తదని తెలుస్తాది" అన్నాను. ఆ తర్వాత నీకు గోనెసంచి కోసం రాసింది నేనే. హరినాథ్ అడగలేదు.

ఫోటో తీసే మనిషి ఎప్పుడు వస్తాడో తెలియదు. అందుకని పొద్దున పెట్టి సాయంత్రం తీసేది పోయి, రెండు మూడు రోజులు వదిలేసేవాళ్ళు. ఫైనలుకు ముందు వారం ఎన్ని పెట్టారో, ఎన్ని తీశారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. నేను అడగలేదు. అప్పటికే పాయింట్లు సరిపోయాయి.

ఎలుగును మొదట చూసింది నేనే. బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబాన్ని జీపులో తీసుకుపోతున్నాను. ఏదో ఏడుస్తోందని వాళ్ళ పాప అంది. సీతాఫలం చెట్ల కింద మట్టి అంతా తవ్వేసి ఉంది. ముందుకాలు తీగలో. చెట్టు బెరడు పీకేసి, తీగను కొరికి, తన కాలినే కొరుక్కుంది. వాళ్ళమ్మ పాప కళ్ళు చేత్తో మూసింది. నేను టంకం చూశాను. చూసి జీపు వెనక్కి తిప్పాను.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఫారెస్టు గోవిందస్వామి సారు ఉచ్చు చేతిలో పట్టుకుని, "ఈ ముడి కొత్తవాళ్ళు వేసేది కాదు. మీ ఊర్లో ఈ ముడి ఎవరికి తెలుసు?" అని అడిగాడు. ఆ ముడి హరినాథ్‌కు నేర్పింది కొండప్పే. ఉచ్చులు గుర్తు పట్టాలి, చూపించు తాతా అని పిల్లలంతా పోయి అడిగితే, లీగు కోసమని వాకిట్లో కూర్చుని చూపించాడు. వర్షిత కూడా అక్కడే ఉంది.

నేను సారుతో, "మా ఊర్లో ఆ ముడి కొండప్పకు తెలుసు సార్" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ తిరిగాను. కొండప్పను జీపు ఎక్కించేటప్పుడు అతను నా వైపు చూశాడు. నన్ను అడుగుతాడనుకున్నాను. తువ్వాలు బయ్యమ్మ చేతికిచ్చి ఎక్కాడు.

మ్యాచ్ అయిపోయాక చెబుదామనుకున్నాను. పిల్లల ఆశ అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలది కాదు షకీల్. నేను ఆ గ్రౌండులోకి కోచ్ చొక్కా వేసుకుని నడవాలి. అంతే.

ఈరోజు నడిచాను. వర్షిత రాలేదు. గోల్‌లో ఎవర్నో నిలబెట్టాం. ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పను. జనంలో నీ కోసం వెతికాను. నువ్వు రాలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

మహేష్


పుంగనూరు
నవంబరు నెల

మహేష్,

నీ ఉత్తరంతోపాటు బాలాజీ ఒక సంచి ఇచ్చాడు. పోయిన వారం వర్షిత ఇచ్చిందట, వాడు మరిచిపోయి సీటు కింద పెట్టుకున్నాడు. గ్లవ్సులు. ఉతికి, మడిచి పెట్టింది. చీటీ ఏమీ లేదు.

అల్ఫియా వాటిని చూసి ఏమీ అడగలేదు. అడిగివుంటే బాగుండేది.

వచ్చే బుధవారం దాకా చూస్తాను. ఆలోపల నువ్వు పోయి గోవిందస్వామి సారుకు చెప్పాలి, ఐదు ఊర్లవాళ్ళ ముందు చెప్పాలి. లేకపోతే నేను మా కేబుళ్ళు చేతపట్టుకుని గురువారం కుప్పం వస్తాను. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు. తీగ నాది. నేను ఎట్లాగూ చెప్పాల్సిందే. నా కంటే ముందు నువ్వు చెబితే, కోచ్ అన్న మాటకు కొంచెమైనా విలువ మిగులుతుంది.

షకీల్


ముద్దిగుట్టపల్లె
డిసెంబరు నెల

షకీల్,

చెప్పాను. బుధవారమే, సాయంత్రం. నీ గడువు లేకపోతే చెప్పేవాణ్ణని నేను అనుకోవడం లేదు.

మేడం ఐదు ఊర్ల జట్లనూ హాలుకు పిలిపించింది. గోవిందస్వామి సారు వచ్చాడు. నేను గోడ దగ్గరికి పోయి మా ఊరి వరుసంతా దించి బల్ల మీద పెట్టి, కొసలు చూపించాను. ఎవరి అంగడివి, ఎందుకు తెప్పించాను, ముడి ఎవరు ఎందుకు నేర్పారు, అన్నీ చెప్పాను. నువ్వు నెట్టుకే అనుకున్నావని కూడా చెప్పాను. హరినాథ్ ఏడ్చాడు. గట్టుమీదిపల్లె కెప్టెన్ నేల చూస్తూ ఉన్నాడు. చెప్పడం అయ్యాక వాడు లేచి, వాళ్ళ వరుస కూడా దించాడు. ఆ తర్వాత ఇంకొకరు. కాసేపటికి గోడ మీద నాలుగైదు నిజమైన ఉచ్చులు మిగిలాయి. మేడం మేకులు మిగిలిన గోడను చూసి, "నా రూలే వాటిని అడవిలో పెట్టించింది" అని తన గదిలోకి పోయింది.

లీగు ఆగిపోయింది. ఉద్యోగం పోయింది. కేసు ఇప్పుడు నా మీద, హరినాథ్ మీద ఉంది. బెయిలు మీద ఉన్నాం. ఎలుగు బతికింది కానీ కాలు తీసేశారు. ఇక అడవికి రాదట, ఎక్కడో ఆవరణలో ఉంచి తిండి పెడతారట.

కొండప్ప ఇంటికొచ్చాడు. లీగు కప్పు తీసుకుని వాళ్ళ ఇంటికి పోయాను. ఎందుకు తీసుకుపోయానో తెలియదు, ఉత్త చేతులతో పోలేకపోయాను. బయ్యమ్మ వాకిట్లో అలసందలు చెరుగుతోంది. చేట దించకుండానే అంది: "కప్పు తెచ్చినావా? ఆడ పెట్టు. కోళ్ళకు నీళ్ళు పోసే చిప్ప పగిలింది."

నిజంగానే పెట్టాను. వర్షిత లోపల నుంచి చూసి తలుపు చాటుకు పోయింది.

కొండప్ప దొడ్లో ఆవును కట్టేస్తున్నాడు. తప్పైపోయిందన్నాను. వినపడనట్టు పలుపు ముడి వేశాడు. నేను అక్కడే నిలబడితే, "జైల్లో తక్కినోళ్ళు అడిగినారు, ఏం కేసు పెద్దాయనా అని. ఎలుగు కేసన్నా. నవ్వినారు. ఈ వయసులో నీకు ఎలుగు యాలన్నారు" అన్నాడు. అంతే. కోపంగా కూడా చెప్పలేదు.

ఇంకో మాట అడగక తప్పలేదు. అడవిలో మా ఉచ్చులు ఇంకా ఉండొచ్చు. పిల్లలు చెప్పే చోట్లు ఒకదానికొకటి పొసగడం లేదు. వెతకడానికి తోడు రమ్మన్నాను. కొండప్ప మొదటిసారి నా ముఖం చూశాడు.

"నేను అడవిలో కాలు పెడితే, ఏమన్నా జరిగితే మళ్ళా నా పేరే చెప్తావు. పో నాయనా. నువ్వు పెట్టింది నువ్వే ఏరుకో."

ఫారెస్టు వాళ్ళు ఒక గార్డును తోడిచ్చారు. రోజూ పొద్దున హరినాథూ నేనూ అతని వెంట పోతున్నాం. ఒకచోట ఒకటి దొరికింది, ఖాళీగా. ఆకులు బాగా కప్పి ఉన్నాయి. నేను చెప్పినట్టే కప్పారు. నా కాలు దాంట్లోనే పడింది.

మహేష్


పుంగనూరు
డిసెంబరు నెల

మహేశా,

కాలికి ఏమైనా అయిందో లేదో రాయలేదు. మా నాయన అడిగాడు. ఆయనకు అంతా చదివి వినిపించాను, గట్టిగా, వాకిట్లో. సందులో వాళ్ళకు కూడా వినపడివుంటుంది. వినపడనీ. ఆయన చాలాసేపు తన వేలు చూసుకున్నాడు, ఆ పోగు ఉన్న వేలు. తర్వాత, "మన చేతికి గుచ్చకూడదని కొస అద్దినాం. తీగ యాడికి పోతాదో సూడలా" అన్నాడు. ఆ మాట నన్నొక్కడినే అనాల్సింది, తనను కూడా కలుపుకుని అన్నాడు. ఇప్పుడు అంగడిలో పాత కేబుళ్ళు ముక్కలు ముక్కలుగా కత్తిరించి వేస్తున్నాను.

గోవిందస్వామి సారు నన్ను కూడా పిలిపించి వాంగ్మూలం రాయించుకున్నాడు. తల ఊపిన సంగతి కూడా రాయమన్నాను. "అది కేసుకు అక్కరలేదప్పా" అన్నాడు.

ఆదివారం అంగడి మూసి బాలాజీ వ్యానులో వస్తున్నాను. గార్డును అడిగి నన్ను కూడా మీతో తీసుకుపో. గ్లవ్సులు తెస్తున్నాను. వర్షితకు ఇవ్వడానికి కాదు, అడిగే ముఖం లేదు. ఆకుల్లో చెయ్యి పెట్టి వెతకడానికి పనికొస్తాయి. దాని తర్వాత కొండప్ప వాకిట్లోకి పోవాలి. నువ్వు రావద్దు, నేను పోతాను. తీగవాడినని చెప్పుకోవాలి.

అల్ఫియా కూడా వస్తానంటోంది. అడవిలోకి వద్దన్నాను, బయ్యమ్మ ఇంటి దాకా వస్తానంది. నిన్న అంగడిలో నా పక్కన కూర్చుని అడిగింది: "అబ్బా, ఆ పొద్దు నేను చెప్తాంటే నోరు మూసుకోమంటివి గదా. నేను గట్టిగా చెప్పుంటే ఆ తాతను పట్టుకోని పోకుండా ఉందురు గదా?"

కొండప్ప ముందు కూడా అదే అడుగుతుంది, నాకు తెలుసు.

అడగనీ. ఈసారి నోరు మూసుకోమనను.

షకీల్